వాటా తగ్గింది, మనుషులు తగ్గలేదు

2023 జూలై 20న ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ వెలువడింది. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిపై నిషేధం. ఆ వెంటనే వచ్చిన వారాంతంలో టెక్సాస్, న్యూజెర్సీల్లోని ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్ళు బారులు తీరారు. సోనామసూరి బస్తాలు ట్రాలీల్లో గుట్టలుగా వెళ్ళిపోయాయి. కొన్ని కొట్లలో మనిషికి ఒక్క బస్తానే అని కాగితం అంటించారు. ఆ వీడియోలు వాట్సాప్‌లో ఇక్కడిదాకా వచ్చాయి. అమెరికా వెళ్ళినా రేషన్ షాపు క్యూ తప్పలేదని చాలామంది నవ్వుకున్నారు.

ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మన దేశానిదే. అంత పెద్ద అమ్మకందారు ఒక్క సాయంత్రంలో షట్టర్ దించేశాడు. దేశంలో బియ్యం ధర పెరుగుతోంది, వానలను దెబ్బతీసే ఎల్‌నినో భయం ఉంది, మరుసటి ఏడాది సార్వత్రిక ఎన్నికలు. అంతకుముందు ఏడాది మే నెలలో గోధుమలకూ ఇలాగే గేటు వేశారు. నిషేధం పడిన మరుసటి నెలలో ఉల్లిపై 40 శాతం ఎగుమతి సుంకం పడింది, డిసెంబరుకల్లా అదీ పూర్తి నిషేధమైంది. జీడీపీలో ఐదో వంతు కూడా లేని రంగం గురించి ప్రభుత్వాలు ఇంత కంగారు పడుతున్నాయంటే, ఆ 'ఐదో వంతు' అనే మాటకు చిక్కనిది ఇంకేదో ఉందన్నమాట.

2023-24లో దేశం సృష్టించిన మొత్తం విలువలో వ్యవసాయం, పాడి, చేపలు, అడవులు అన్నీ కలిపినా వచ్చింది సుమారు 18 శాతం. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వే ప్రకారం పని చేసేవాళ్ళలో 46 శాతం మంది ఈ రంగంలోనే ఉన్నారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి లెక్క కడితే, పొలంలో పనిచేసే ఒక మనిషి సృష్టించే విలువ బయట పనిచేసే మనిషి సృష్టించే దాంట్లో సుమారు నాలుగో వంతు. భారత వ్యవసాయం గురించి మనం వినే గొడవలు, అంటే రుణమాఫీ, మద్దతు ధర, ఉచిత కరెంటు, ఎగుమతి నిషేధాలు, రైతు ఉద్యమాలు, దాదాపు అన్నీ ఈ తేడాలోంచి పుట్టినవే.

గట్టు దగ్గరే ఆగిపోయే లెక్క

18 శాతం తప్పుడు అంకె కాదు. కానీ అది పొలం గట్టు దాటి ముందుకు పోదు.

వడ్లు కళ్ళంలో ఉన్నంతసేపే వ్యవసాయం. లారీ ఎక్కగానే రవాణా, అంటే సేవల రంగం. మిల్లులో పొట్టు ఊడి బియ్యమైతే తయారీ రంగం. తవుడు నుంచి నూనె తీస్తే అదీ తయారీయే. కిరాణా కొట్టులో అమ్మితే వాణిజ్యం, హోటల్లో బిర్యానీ అయితే మళ్ళీ సేవలు. వెనక్కి వెళ్ళినా ఇదే వరస. యూరియా, ట్రాక్టరు, పురుగుమందు, మోటారు అన్నీ పరిశ్రమ ఖాతాలోవే. పంట విలువలోంచి ఈ కొనుగోళ్ళన్నీ తీసేశాక మిగిలిందే లెక్కల్లో 'వ్యవసాయం'. మా తాతల కాలంలో విత్తనం ఇంట్లోదే, ఎరువు పెంటకుప్పలోదే, ఎద్దులు సొంతవే. అప్పుడు పంట విలువలో చాలా భాగం వ్యవసాయం కిందే రాసేవాళ్ళు. ఇప్పుడు అదే ఎకరంలో రెట్టింపు పండినా అందులో పెద్ద ముక్క దుకాణాల పద్దులోకి పోతోంది.

కాబట్టి వానలు సరిగా పడకపోతే దెబ్బ 18 శాతానికే పరిమితం కాదు. ట్రాక్టరు షోరూమూ, బైకుల డీలరూ, జిల్లా కేంద్రంలోని బంగారు కొట్టూ జూన్ నెలలో ఆకాశంకేసి చూసేది అందుకే. దేశంలో ఏడాది వానలో ముప్పావు వంతు దాకా కురిసేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ నాలుగు నెలల్లోనే.

సగం నుంచి ఐదో వంతుకు

1950-51లో దేశ ఆదాయంలో సగానికి పైగా పొలాల నుంచే వచ్చేది. అప్పుడు పండిన తిండిగింజలు 5 కోట్ల టన్నులు. 2023-24లో 33 కోట్ల టన్నులు దాటాయి. జనాభా ఈ కాలంలో 36 కోట్ల నుంచి 140 కోట్లకు, అంటే నాలుగు రెట్లకు పెరిగితే, గింజలు ఆరున్నర రెట్లయ్యాయి. వాటా పడిపోయిందంటే పంట పడిపోయినట్టు కాదు, మిగతా రంగాలు ఇంకా వేగంగా పెరిగాయని.

ఇది తేలిగ్గా వచ్చిందేమీ కాదు. 1965, 1966 వరస కరువుల్లో అమెరికా గోధుమ ఓడలు రేవుకు వస్తేనే పట్నాల్లో పొయ్యి వెలిగే పరిస్థితి. ఆ ఓడలనూ అధ్యక్షుడు జాన్సన్ ఒక్కసారిగా పంపకుండా కొద్దికొద్దిగా వదిలేవాడు, మన విధానాలు తన మాట వినేలా. అప్పుడు మండిన కడుపులోంచే ఇవాళ్టి వ్యవస్థ అంతా పుట్టింది. 1965లో భారత ఆహార సంస్థ, ధరలు సూచించే కమిషన్ వచ్చాయి. 1966లో సి. సుబ్రహ్మణ్యం వ్యవసాయ మంత్రిగా ఉండగా మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు. వరికి ఆ మలుపు ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ఐఆర్-8 రకంతో వచ్చింది. దాన్ని ఇక్కడ మొదట్లోనే పెద్ద ఎత్తున పండించి చూపినవాళ్ళలో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఒకరు. పొట్టి మొక్క, లావు గింజ, తింటే రుచి అంతంతమాత్రం. అయినా గాదె నిండింది.

ఇంతవరకు కథ అన్ని దేశాల్లోనూ జరిగేదే. దేశం ఎదిగేకొద్దీ ఆదాయంలో సేద్యం వాటా తగ్గుతుంది, మనుషులు ఫ్యాక్టరీలకు వెళతారు. ఊళ్ళో అవసరానికి మించి ఉన్న పనిచేతులు పట్నం పరిశ్రమకు తరలుతాయని ఆర్థర్ లూయిస్ 1954లో సిద్ధాంతం రాశాడు, తర్వాత దానికి నోబెల్ బహుమతి అందుకున్నవాళ్ళలో ఒకడయ్యాడు. చైనాలో ఇప్పుడు జీడీపీలో సేద్యం వాటా 7 శాతం దరిదాపుల్లో, అందులో పనిచేసేవాళ్ళు సుమారు నాలుగో వంతు. మన దగ్గర మొదటి సగం జరిగింది, రెండో సగం దారిలో ఆగిపోయింది.

దిగని మనుషులు

మనం పొలంలోంచి ఫ్యాక్టరీకి వెళ్ళలేదు. కొందరు నేరుగా సాఫ్ట్‌వేర్‌కు వెళ్ళారు, చాలామంది బిల్డింగుల మీదికి ఇటుకలు మోయడానికి వెళ్ళారు. దేశ ఆదాయంలో తయారీ రంగం వాటా దశాబ్దాలుగా ఆరో వంతు చుట్టూనే తచ్చాడుతోంది. పదో తరగతి తప్పిన కుర్రాడికి నెల జీతం, పీఎఫ్ ఇచ్చే పని ఆ రంగమే ఇవ్వాలి, కానీ అది పెరగలేదు. వెళ్ళినవాళ్ళకు పట్నంలో దొరికింది ఏ రోజుకారోజు తెగిపోయే పని.

దాని బండారం 2020లో బయటపడింది. లాక్‌డౌన్ పెట్టగానే కాలినడకన వెనక్కి వచ్చినవాళ్ళను మనమంతా చూశాం. కార్మిక సర్వేలో 2018-19లో వ్యవసాయంలో ఉన్నవాళ్ళు 42.5 శాతం. 2020-21కి అది 46.5 అయింది. ఎదుగుతున్న దేశంలో జనం మళ్ళీ పొలంలోకి రావడం అరుదు. ఆ ఏడాది మొత్తం ఆర్థిక వ్యవస్థ 5 శాతానికి పైగా కుంగితే వ్యవసాయం మాత్రం పెరిగింది. దాన్ని చూసి 'వెన్నెముక' అని పొగిడారు. నాకు మాత్రం అది బడ్జెట్‌లో ఏ పద్దూ లేని నిరుద్యోగ భృతిలా కనిపిస్తుంది. పట్నం వద్దన్న మనిషికి కూడు పెట్టింది అన్న రెండెకరాలు, అమ్మ చేతి గేదె. ఆ ఖర్చు కంపెనీలు పెట్టలేదు, ప్రభుత్వం పెట్టింది కొంతే. మిగతాది ఊరే భరించింది.

కరోనా పోయాక, 2023-24 నాటికి కూడా ఆ అంకె పాత చోటికి దిగలేదు. దీనికి ఇంకో కారణం ఆడవాళ్ళు. 2023-24 సర్వేలో పనిచేసే మహిళల్లో 64 శాతం వ్యవసాయంలో ఉన్నట్టు తేలింది, మగవాళ్ళలో 36 శాతమే. మగవాడు ఆటో నడపడానికో సెక్యూరిటీ పనికో పోతే, పొలమూ పశువులూ ఆమె మీద పడతాయి. పాస్‌బుక్కులో మాత్రం పేరు అతనిదే.

ఇంతమంది ఉంటే కూలీల కొరత ఎందుకు అని రైతులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కరీంనగర్ వైపు వరినాట్లకు బీహార్ నుంచి ముఠాలు దిగుతున్నాయి. నాట్ల వారంలో మనిషి దొరకడు, మిగతా వారాల్లో మనిషికి పని దొరకదు. సేద్యంలో పని ఏడాది పొడవునా సమంగా పరుచుకోదు, కుప్పలుగా వచ్చి పడుతుంది. సర్వే లెక్కలో ఇద్దరూ 'వ్యవసాయంలో ఉన్నవాళ్ళే'.

ఒక ఎకరం లెక్క

1970-71లో దేశంలో సగటు కమతం, అంటే ఒక రైతు సాగులో ఉన్న భూమి, 2.28 హెక్టార్లు. 2015-16 గణనకు 1.08కి దిగింది, అంటే రెండున్నర ఎకరాల పైచిలుకు. కమతాల్లో 86 శాతం ఐదెకరాల లోపువే. తండ్రి గట్టు మీద ఇద్దరు కొడుకులు ఇంకో గట్టు వేసుకుంటూ వచ్చిన ఫలితం ఇది.

ఆ గట్ల మధ్య ఏం మిగులుతుందో ఊహకు ఒక కౌలురైతును తీసుకుని చూద్దాం. అంకెలు ఊరిని బట్టి మారతాయి, వరస మాత్రం ఇదే. కోస్తాలో వడ్ల బస్తా అంటే 75 కిలోలు. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఎకరానికి 30 బస్తాలు పండాయనుకుందాం, అంటే ఇరవై రెండున్నర క్వింటాళ్ళు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు కాబట్టి మొత్తం 53 వేల చిల్లర. కౌలు 12 బస్తాలైతే అవి పొలం ఆసామికి పోతాయి. మిగిలిన 18 బస్తాలకు వచ్చేది 32 వేలకు కాస్త తక్కువ. దమ్ము, నారు, నాట్ల కూలీ, ఎరువు, మందు, కోత మిషను, హమాలీ అన్నీ కలిపి 28 వేలు తీసేస్తే చేతిలో నాలుగు వేలు. నాలుగు నెలల కాపలా, రాత్రిళ్ళు నీళ్ళు పెట్టడం, ఇంటిల్లిపాది కష్టం ఇందులో లెక్కే లేవు. గేదెకు గడ్డి మిగిలింది, అది లాభం.

ఇప్పుడు ఆ వడ్లు కొనుగోలు కేంద్రానికి వెళ్ళాయి. తేమ 17 శాతం మించకూడదు. కోత మిషను పచ్చివడ్లనే రాలుస్తుంది, కాబట్టి రోడ్డు మీద పట్టా పరిచి ఆరబెట్టాలి, మబ్బు పడితే పరుగెత్తి కుప్ప చేయాలి. చివరికి తేమా తాలూ చూపించి బస్తాకు రెండు కిలోలు తరుగు తీశారనుకోండి. 18 బస్తాలకు 36 కిలోలు, సుమారు 850 రూపాయలు. మిగిలిన నాలుగు వేలల్లో ఐదో వంతు అక్కడే పోయింది. రెండు కిలోల మీద రైతులు రాస్తారోకో చేస్తే ఇంత చిన్నదానికా అనిపిస్తుంది. లాభం అంత సన్నగా ఉన్నప్పుడు రెండు కిలోలు చిన్నవి కావు.

2018-19కి సంబంధించిన జాతీయ నమూనా సర్వే ఈ సంగతినే దేశవ్యాప్తంగా చూపింది. వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంట మీద మిగిలింది 3,798, కూలీ, జీతాల రూపంలో వచ్చింది 4,063. అంటే మనం రైతు కుటుంబం అంటున్నది పంట మీద కంటే కూలీ, జీతాల మీదే ఎక్కువ సంపాదిస్తోంది. అదే సర్వేలో అప్పుల్లో ఉన్న వ్యవసాయ కుటుంబాలు దేశంలో సగం. ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో దాదాపు 92. మన దగ్గర పెట్టుబడి ఎక్కువ, కౌలు ఎక్కువ, బోరు నుంచి కోత దాకా ప్రతిదీ డబ్బుతోనే.

రెండు చేతులు, రెండు దిక్కులు

పండించేవాడికి ధర ఎక్కువ కావాలి, తినేవాడికి తక్కువ కావాలి. అన్ని దేశాల్లోనూ ఈ తగువు ఉంది. మన చిక్కు ఏమిటంటే ఇద్దరూ పేదవాళ్ళే, చాలాసార్లు ఇద్దరూ ఒకే మనిషి. ఎకరం వరి వేసిన కూలి రైతు ఏడాదిలో కొన్ని నెలలు బియ్యం కొనుక్కునే తింటాడు.

అందుకే ప్రభుత్వం ఒక చేత్తో ధర పైకి లేపుతుంది, ఇంకో చేత్తో కిందికి నొక్కుతుంది. 22 పంటలకు మద్దతు ధర ప్రకటిస్తుంది, కానీ పెద్ద ఎత్తున కొనేది ముఖ్యంగా వరి, గోధుమలనే. ఆహార సంస్థ సంస్కరణల కోసం కేంద్రం వేసిన శాంతకుమార్ కమిటీ 2015లో చెప్పిన ప్రకారం మద్దతు ధరకు అమ్ముకోగలిగిన రైతులు 6 శాతమే. ఖర్చు మీద ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రభుత్వం అంటుంది. ఏ ఖర్చు మీద అన్నదే పేచీ. ప్రభుత్వం లెక్కించేది చేతి నుంచి పోయిన ఖర్చు, దానికి తోడు ఇంటి మనుషుల శ్రమ విలువ. సొంత భూమికి లెక్కగట్టే కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ అందులో ఉండవు, రైతు సంఘాలు అవీ కలపాలంటాయి. చెల్లించిన కౌలు లెక్కలో ఉంటుంది గానీ అది సగటు లెక్క. కౌలు కట్టనివాళ్ళతో కలిసి సగటయ్యేసరికి, పన్నెండు బస్తాలు కొలిచిచ్చినవాడి బరువు కాగితం మీద పలచబడుతుంది.

కొన్న ధాన్యం ఆహార భద్రతా చట్టం కింద 81 కోట్ల మందికి చేరుతోంది. ఈ ఏర్పాటును తక్కువ చేయలేం, 2020లో ఆకలిచావులు విరుచుకుపడకుండా కాచింది గోదాముల్లోని ఆ నిల్వలే. కానీ కొనేది వరే అయినప్పుడు, కరెంటు ఉచితమైనప్పుడు, 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయలకే దొరికినప్పుడు, మెట్టలోనూ బోరు వేసి వరే పెడతారు. రైతును తప్పుపట్టలేం. కందీ నువ్వూ వేస్తే వరికున్నంత కొనుగోలు భరోసా ఉండదు. ఫలితం, బియ్యం ఎగుమతిలో మనదే మొదటి స్థానం, వంటనూనెలో సగానికి పైగా దిగుమతి. మన బోర్ల నీటిని బియ్యం రూపంలో ఓడకెక్కించి, పామాయిల్ దింపుకుంటున్నాం.

మద్దతు ధర లేని కూరగాయల కథ ఇంకోలా ఉంటుంది. 2023 జూలైలో కిలో టమాటా ధర వంద రూపాయలు దాటింది. మదనపల్లె మార్కెట్ పేరు జాతీయ వార్తల్లోకెక్కింది. ఆ నెల ఆహార ద్రవ్యోల్బణం 11.5 శాతం. అప్పటి ధరల సూచీలో ఆహార పానీయాల బరువే దాదాపు 46 శాతం కాబట్టి మొత్తం ద్రవ్యోల్బణం 7.44కి ఎగబాకింది. రిజర్వు బ్యాంకుకు నిర్దేశించిన లక్ష్యం 4. అది 2023 ఫిబ్రవరిలో 6.5 శాతానికి చేర్చిన రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, మళ్ళీ రెండేళ్ళకు గానీ దించలేదు. మియాపూర్‌లో ఫ్లాటు కొన్నవాడు ఆ రెండేళ్ళూ కట్టిన ఈఎంఐలో టమాటాకూ ఉల్లికీ కొంత పాలు ఉంది. అంత ధర పలికిందంటే రైతు బాగుపడ్డాడనుకుంటాం. కొందరు నిజంగానే పడ్డారు. అది చూసి మిగతావాళ్ళు నారు పోశారు, సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలింది. మనం టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసల చుట్టూ అని రిజర్వు బ్యాంకు పరిశోధకులే 2024లో లెక్కగట్టారు.

ఎవరూ గట్టిగా మాట్లాడని మార్పు ఒకటుంది. వ్యవసాయంలో పెరుగుదల చాలాకాలంగా పంటల్లో కంటే పాడి, కోళ్ళు, చేపల్లోనే వేగంగా ఉంది. మద్దతు ధర వీటికి లేదు. పాల ఉత్పత్తిలో మనది ప్రపంచంలో మొదటి స్థానం, పశుపోషణ ఇప్పుడు రంగం మొత్తం విలువలో సుమారు 30 శాతం. ఆంధ్రప్రదేశ్ ఆదాయంలో సేద్యం, అనుబంధ రంగాల వాటా మూడో వంతు దరిదాపుల్లో ఉండటానికి ఒక ముఖ్య కారణం భీమవరం చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువులు. పాలడబ్బు పదిరోజులకో పదిహేను రోజులకో చేతికొస్తుంది, కొన్నిచోట్ల ఆడవాళ్ళ ఖాతాలోనే పడుతుంది. రొయ్యకు లాభమూ పెద్దదే, గండమూ పెద్దదే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేయగానే గట్టు దగ్గర కౌంటు ధరలు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి కట్టే ధరలు, వణికాయి.

నేరుగా డబ్బు ఇవ్వడం కొత్త దారి. 2018లో తెలంగాణ రైతుబంధు, ఆ తర్వాత కేంద్రం ఏడాదికి ఆరు వేలు, ఆపై ఆంధ్రప్రదేశ్ రైతు భరోసా వచ్చాయి. దళారి లేడు, ఫలానా పంటే వేయాలన్న ఒత్తిడి లేదు. అయితే ఈ డబ్బు చాలావరకు భూమి రికార్డులో పేరున్నవాడికి వెళుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలురైతుకు గుర్తింపు కార్డు చట్టం వచ్చింది, ఆంధ్రలో 2019లో ఇంకొకటి వచ్చింది. కాగితం మీద సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని ఆసామి వెనకాడతాడు. అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వడేమోనని కౌలుదారు ఊరుకుంటాడు.

టెక్సాస్ స్టోరు ముందు ఆ శనివారం నిలబడినవాళ్ళలో ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళు కొందరైనా ఉండి ఉంటారు. నాన్న పోయాక ఆ మూడెకరాలు కౌలుకిచ్చి, ఏడాదికోసారి ఫోన్‌లో బేరం చేసుకునేవాళ్ళు. సాయం డబ్బు పడ్డప్పుడు మెసేజ్ వాళ్ళ పాత ఇండియా నంబరుకే వస్తుంది. ఎగుమతి ఆగితే ధర పడుతుందేమోనని ఆ వారం ఊళ్ళో బెంగపడింది, వాళ్ళ పొలంలో నారు పీకిస్తున్న కౌలుదారు.